ఒక్క ఓటు విలువ, ఓటరు అంతరాత్మ: చట్టం గీసిన గీత ఎక్కడ?

ఎన్నికల ప్రకటన వెలువడిన ప్రతిసారీ ఓటర్ల మధ్య రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. కోట్లాది ఓట్ల మధ్య నా ఒక్క ఓటుతో ఏమవుతుందన్నది మొదటిది. నా మతవిశ్వాసం చెప్పినట్లు ఓటు వేస్తే అది తప్పవుతుందా అన్నది రెండోది. మొదటి ప్రశ్న వేసేవారిలో చాలామంది పోలింగ్ రోజును సెలవు దినంగా గడిపేస్తారు. రెండో ప్రశ్న వేసేవారిలో కొందరు తమ నిర్ణయాన్ని మఠానికో, మసీదుకో, చర్చికో, డేరాకో అప్పగించి నిశ్చింతగా ఉంటారు. పైకి ఈ రెండింటికీ సంబంధం లేనట్లు కనిపిస్తుంది. నిశితంగా పరిశీలిస్తే రెండూ ఒకే అంశాన్ని స్పృశిస్తాయి. ఓటు వేసే నిర్ణయం నిజంగా ఆ ఓటరుదేనా అన్నదే ఆ అంశం. మన రాజ్యాంగం, ఎన్నికల చట్టాలు, న్యాయస్థానాల తీర్పులు, పొరుగు దేశాల అనుభవం ఈ విషయంలో ఏమి చెబుతున్నాయో చూద్దాం.

ఒక్క ఓటు తేల్చిన ఫలితాలు

2004లో కర్ణాటక శాసనసభ ఎన్నికల్లో సంతేమరహళ్లి నియోజకవర్గం నుంచి కాంగ్రెస్ అభ్యర్థి ఆర్. ధ్రువనారాయణకు 40,752 ఓట్లు వచ్చాయి. ఆయన ప్రత్యర్థి, జనతాదళ్ సెక్యులర్ అభ్యర్థి ఏ.ఆర్. కృష్ణమూర్తికి 40,751 ఓట్లు వచ్చాయి. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో ఇదే పునరావృతమైంది. అప్పటి రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడు సి.పి. జోషీకి 62,215 ఓట్లు, బీజేపీ అభ్యర్థి కల్యాణ్ సింగ్ చౌహాన్‌కు 62,216 ఓట్లు లభించాయి. ఆ ఎన్నికల తర్వాత రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభుత్వమే ఏర్పడింది. ముఖ్యమంత్రి పదవికి పోటీదారుగా పరిగణించిన నాయకుడు మాత్రం ఒకే ఒక్క ఓటు తేడాతో సభ వెలుపల ఉండిపోయారు.

లోక్‌సభ స్థానాల్లో ఓటర్ల సంఖ్య చాలా ఎక్కువ కాబట్టి అక్కడ తేడాలు ఇంత స్వల్పంగా ఉండటం అరుదు. అయినా 1989లో మన అనకాపల్లి నుంచి కొణతాల రామకృష్ణ 9 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. 1998లో అప్పటి బిహార్‌లోని రాజ్‌మహల్ స్థానంలోనూ తేడా 9 ఓట్లే. 2024లో ముంబయి వాయవ్య స్థానాన్ని 48 ఓట్లు నిర్ణయించాయి. శాసనసభల విషయానికి వస్తే 2018లో మిజోరంలోని తుయివాల్‌లో 3 ఓట్లు, 2023లో బెంగళూరు జయనగర్‌లో 16 ఓట్లు విజేతను తేల్చాయి.

ఓట్లు సమానమైతే ఏం చేయాలో కూడా చట్టం చెప్పింది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షన్ ప్రకారం రిటర్నింగ్ అధికారి లాటరీ తీస్తారు. లాటరీలో పేరు వచ్చిన అభ్యర్థికి ఒక ఓటు అదనంగా వచ్చినట్లు పరిగణిస్తారు. 2017లో ముంబయి నగరపాలక సంస్థ ఎన్నికల్లో ఒక వార్డు ఫలితం ఇలా లాటరీతోనే తేలింది. తెలుగు రాష్ట్రాల పంచాయతీ ఎన్నికల్లో, కొన్ని వందల ఓట్లే ఉండే వార్డుల్లో, ఇలాంటి లాటరీలు గ్రామీణ ఓటర్లకు కొత్తేమీ కాదు. ఇంటి దగ్గరే ఉండిపోయిన ఒక్క ఓటరు చేయగలిగిన పనిని అక్కడ చీటీ చేస్తుంది.

లెక్క చెప్పే నిజం

ఈ ఉదాహరణలు చెప్పి ప్రతి ఓటూ ఫలితాన్ని మారుస్తుందని ప్రచారం చేయడం సులభమే. అది పూర్తి నిజం కాదు. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశంలో దాదాపు 97 కోట్ల మంది ఓటర్లు నమోదై ఉన్నారు. వారిలో 64 కోట్లకు పైగా ఓటు వేశారు. 543 స్థానాలకు పంచితే ఒక్కో నియోజకవర్గానికి సగటున 17 లక్షలకు పైగా ఓటర్లు వస్తారు. ఇంతమందిలో తన ఒక్క ఓటే ఫలితాన్ని తేల్చే అవకాశం ఏ ఓటరుకైనా అత్యల్పం. అమెరికా ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1957లో వెలువరించిన తన గ్రంథంలో ఈ చిక్కునే చర్చించారు. ఓటు వేయడానికి సమయం, శ్రమ ఖర్చవుతాయి, ఆ ఓటు వల్ల ఫలితం మారే అవకాశం దాదాపు శూన్యం, అలాంటప్పుడు లాభనష్టాలు లెక్కించే మనిషి ఓటు ఎందుకు వేయాలన్నది ఆ చర్చ సారాంశం.

అందరూ ఇలాగే అనుకుంటే ఎన్నికలే ఉండవు కదా అని సాధారణంగా సమాధానం ఇస్తారు. ఈ వాదనలో ఒక లోపం ఉంది. నేను ఇంట్లో ఉండిపోయినంత మాత్రాన మిగిలినవారంతా ఉండిపోరు. కాబట్టి లెక్కను లెక్కతోనే ఎదుర్కోవాలి. అందులో రెండు విషయాలు గమనించదగ్గవి.

మొదటిది, తేడా ఎంత అన్నది ఓట్ల లెక్కింపు తర్వాతే తెలుస్తుంది. సంతేమరహళ్లిలో, నాథ్‌ద్వారాలో ఓటు వేయని వేలాది మందిలో ఎవరికీ ఆ రోజు ఉదయం తమ ఓటే నిర్ణాయకమని తెలియదు. ఓటు వేయాలా వద్దా అన్న నిర్ణయం ఫలితం తెలియకముందే తీసుకోవలసినది.

రెండోది, ఓటు పని గెలుపోటములతో ముగిసిపోదు. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ రాని ఓడిన అభ్యర్థి డిపాజిట్ కోల్పోతారు. పార్టీలకు ఎన్నికల సంఘం ఇచ్చే గుర్తింపు ఓట్ల శాతంతో ముడిపడి ఉంది. అంతకు మించి, మన దేశంలో లెక్కింపు పోలింగ్ కేంద్రాల వారీగా జరుగుతుంది. ఫారం 20 అనే పత్రంలో ఏ కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో నమోదై బహిరంగమవుతుంది. ఏ కాలనీ ఓటు వేసింది, ఏ తండా ఇళ్లకే పరిమితమైంది అన్నది అభ్యర్థులందరికీ తెలుస్తుంది. ఓటు వేయని వాడకు మంచినీటి పైపు, రోడ్డు, బస్సు అడిగేటప్పుడు బేరమాడే శక్తి తగ్గుతుందన్నది క్షేత్రస్థాయిలో పనిచేసే ఏ కార్యకర్తను అడిగినా చెప్పే మాట. ఈ బహిరంగ పట్టికకు మరో ముఖం కూడా ఉంది. దాని గురించి తర్వాత చూద్దాం.

గుజరాత్‌లోని గిర్ అడవిలో బాణేజ్ అనే చోట ఒక శివాలయం ఉంది. అక్కడి మహంత్ ఒక్కరి కోసం ప్రతి సార్వత్రిక ఎన్నికల్లో ఎన్నికల సంఘం ప్రత్యేకంగా పోలింగ్ కేంద్రం ఏర్పాటు చేస్తూ వస్తోంది. సిబ్బంది యంత్రంతో సహా అడవిలోకి వెళతారు. ఆ ఓటుతో జునాగఢ్ ఫలితం మారుతుందని ఎవరూ అనుకోరు. అయినా రాజ్యం ఆ ఖర్చు భరిస్తుంది. ఫలితాన్ని మార్చే శక్తిని బట్టి కాకుండా, వ్యక్తి పౌరసత్వాన్ని బట్టి ఓటుకు విలువ కడతామన్నది ఈ ఏర్పాటు వెనుక ఉన్న సూత్రం. ఆ ఓటరు దైవసేవకు జీవితాన్ని అంకితం చేసిన వ్యక్తి కావడం మన రెండో ప్రశ్నకు దారి తీస్తుంది.

విశ్వాసం ఓటరుది, ఆదేశం ఎవరిది?

ఆ మహంత్ తన విశ్వాసం ప్రకారం ఓటు వేస్తే తప్పా? ఏ చట్టమూ అలా అనదు. రాజ్యాంగం 25వ అధికరణ ప్రతి వ్యక్తికీ అంతఃకరణ స్వేచ్ఛను హామీ ఇస్తోంది. మద్యనిషేధం కోరే అభ్యర్థికి ధార్మిక కారణంతో ఓటు వేసేవారున్నారు. పేదల పక్షాన నిలవమని తమ మతగ్రంథం చెబుతోందని భావించి ఓటు వేసేవారున్నారు. జీవహింసను సహించలేక ఒక పార్టీని కాదనుకునేవారూ ఉన్నారు. ఓటరు మనసులో జరిగే ఈ తూకంలోకి తొంగిచూసే అధికారం రాజ్యానికి లేదు. రహస్య బ్యాలెట్ ఉద్దేశమే అది. ఎవరికి ఓటు వేశారో చెప్పమని ఓటరును ఎవరూ నిర్బంధించరాదని ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ స్పష్టం చేస్తోంది.

చట్టం నిషేధించేది మరొకటి. అదే చట్టంలోని 123వ సెక్షన్ అవినీతికర చర్యలను నిర్వచిస్తుంది. అందులో మూడో ఉపవిభాగం మతం, జాతి, కులం, సామాజిక వర్గం, భాష ఆధారంగా ఓటు వేయమని లేదా వేయవద్దని అభ్యర్థులు చేసే విజ్ఞప్తిని నిషేధిస్తుంది. రెండో ఉపవిభాగం అక్రమ ప్రభావానికి సంబంధించినది. ఫలానా విధంగా ఓటు వేస్తే దైవాగ్రహానికి గురవుతారని, లేదా మతపరమైన వెలి తప్పదని ఓటరును నమ్మించడం దాని పరిధిలోకి వస్తుంది. నేర చట్టమైన భారతీయ న్యాయ సంహిత 171వ సెక్షన్‌లోనూ ఈ నిబంధన ఉంది.

ఈ నిబంధన మూలాలు పాతవి. 1892లో ఐర్లండ్‌లోని మీథ్ ప్రాంతంలో కేథలిక్ బిషప్ లేఖలు, మతగురువుల ఒత్తిడి ఓటర్ల స్వేచ్ఛను హరించాయని తేల్చి న్యాయమూర్తులు రెండు పార్లమెంటు స్థానాల ఎన్నికలను రద్దు చేశారు. ఆ ఆలోచనే మన చట్టంలోనూ కొనసాగింది. 2015లో లండన్‌లోని టవర్ హామ్లెట్స్‌లో బంగ్లాదేశ్ మూలాలున్న మేయర్ లుత్ఫుర్ రెహమాన్ ఎన్నికను ఎన్నికల న్యాయస్థానం రద్దు చేసింది. ఇమాముల ప్రకటన ద్వారా ఓటర్లపై మతపరమైన ఒత్తిడి తెచ్చారన్నది అప్పుడు రుజువైన ఆరోపణల్లో ఒకటి.

మన సుప్రీంకోర్టు ఈ గీతను 1959లోనే స్పష్టంగా గీసింది. అప్పటి పంజాబ్‌లోని సిర్సా శాసనసభ స్థానానికి సంబంధించిన రామ్ దయాళ్, సంత్ లాల్ కేసు అది. నామ్‌ధారీ సిక్కుల గురువు ఒక అభ్యర్థికి ఓటు వేయాలని తన అనుయాయులకు హుకుం జారీ చేశారు. మతగురువుకు కూడా పౌరుడిగా అభిప్రాయం చెప్పే హక్కు ఉందని, ఫలానా అభ్యర్థి మంచివాడని చెప్పడం తప్పు కాదని కోర్టు అంగీకరించింది. ధిక్కరిస్తే ఆధ్యాత్మికంగా నష్టపోతామన్న భయం అనుయాయుల్లో కలిగేలా జారీ అయిన ఆజ్ఞ మాత్రం ఓటరుకు ఎంచుకునే స్వేచ్ఛ మిగల్చదని, అది అక్రమ ప్రభావమేనని తీర్పు చెప్పింది. సలహా వినడానికీ, ఆజ్ఞ పాటించడానికీ ఉన్న వ్యత్యాసమే ఆ తీర్పులోని కీలకాంశం.

2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం అభిరామ్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు మూడో ఉపవిభాగం పరిధిని విస్తరించింది. అభ్యర్థి మతం పేరుతోనే కాకుండా ఓటరు మతం పేరుతో చేసే విజ్ఞప్తి కూడా అవినీతికర చర్యే అవుతుందని నలుగురు న్యాయమూర్తులు పేర్కొన్నారు. తెలుగువారైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు వారిలో ఒకరు. జస్టిస్ డి.వై. చంద్రచూడ్‌తో సహా ముగ్గురు విభేదించారు. మతం, కులం కారణంగా తరతరాలుగా వివక్షకు గురైనవారు తమ బాధను ఎన్నికల వేదికపై ప్రస్తావించడం ప్రజాస్వామ్యంలో భాగమేనని, దానిని నోరెత్తనీయకుండా చేయరాదని వారి వాదన సారాంశం. ఈ అభిప్రాయభేదం తేలికగా తీసిపారేయదగినది కాదు. ఒక సమూహం తనకు జరిగిన అన్యాయం గురించి మాట్లాడటం వేరు, మీ మతం వాడు కాబట్టి ఓటు వేయండి అనడం వేరు. ఆచరణలో ఈ రెండింటినీ విడదీయడం ఎంత కష్టమో ఎన్నికల పిటిషన్లు విచారించే న్యాయమూర్తులకు బాగా తెలుసు. ఓటింగ్ పూర్తయి ఏళ్లు గడిచాక తీర్పులు రావడం ఈ చట్టం ప్రభావాన్ని మరింత పరిమితం చేస్తోంది. అభిరామ్ సింగ్ కేసే 1990 నాటి ఎన్నికలకు సంబంధించినది.

ఓటరుకు మతం ముద్ర వేస్తే

ఓటరు విశ్వాసాన్ని గౌరవించడానికి మరో మార్గం ఉందని వలస పాలకులు భావించారు. 1909 నాటి మింటో మార్లే సంస్కరణలు ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చాయి. ఆ తర్వాతి చట్టాలు ఈ పద్ధతిని ఇతర మతవర్గాలకూ విస్తరించాయి. దీంతో ఒక మతం అభ్యర్థి మరో మతం ఓటరును ఒప్పించాల్సిన అవసరమే లేకుండా పోయింది. దేశ విభజన గాయాల మధ్య రాజ్యాంగ సభ ఈ పద్ధతికి స్వస్తి పలికింది. 1949లో మతపరమైన మైనారిటీలకు చట్టసభల్లో సీట్ల రిజర్వేషన్‌ను కూడా వదులుకోవాలన్న నిర్ణయానికి సభ వచ్చింది. బేగం ఐజాజ్ రసూల్ వంటి సభ్యులు దానిని గట్టిగా సమర్థించారు. మతం కారణంగా ఎవరినీ ఓటర్ల జాబితా నుంచి మినహాయించరాదని, ప్రతి నియోజకవర్గానికీ ఒకే సాధారణ జాబితా ఉండాలని 325వ అధికరణ నిర్దేశిస్తోంది.

పొరుగున పాకిస్థాన్ అనుభవం ఇందుకు భిన్నంగా సాగింది. జనరల్ జియా ఉల్ హక్ పాలనలో 1985 నుంచి ముస్లిమేతరులు తమ మతం వారికే ఓటు వేసే ప్రత్యేక నియోజకవర్గాల పద్ధతి అమలైంది. 2002లో ఉమ్మడి జాబితాను పునరుద్ధరించారు. అహ్మదీయ వర్గం పేర్లను మాత్రం విడిగా ఉంచారు. 1974 నాటి రాజ్యాంగ సవరణ అహ్మదీయులను ముస్లిమేతరులుగా ప్రకటించింది. ఓటరుగా నమోదు కావాలంటే తాము ముస్లింలం కామని అంగీకరించినట్లు అవుతుంది కాబట్టి ఆ వర్గం దశాబ్దాలుగా ఎన్నికలకు దూరంగా ఉంటోంది.

ఒక్క ఓటుకు విలువ లేదనుకునేవారు ఈ ఉదంతాన్ని గమనించాలి. అక్కడ ఓటు కావాలంటే విశ్వాసాన్ని వదులుకోవాలి, విశ్వాసం కావాలంటే ఓటును వదులుకోవాలి. ఈ రెండింట్లో దేనినీ వదులుకోనక్కరలేని వ్యవస్థలో మనం ఉన్నాం. భారత ఓటర్ల జాబితాలో ఓటరు మతం కాలమ్ లేదు. ఆ ఖాళీ వెనుక నాలుగు దశాబ్దాల చేదు అనుభవం, ఒక సుదీర్ఘ చర్చ ఉన్నాయి.

ఓటు వేయకపోవడం కూడా అంతరాత్మే అయితే

మతవిశ్వాసం రీత్యా రాజకీయాలకే దూరంగా ఉండేవారున్నారు. యెహోవా సాక్షులు ఈ కోవకు చెందుతారు. కేరళలో ఈ వర్గానికి చెందిన ముగ్గురు విద్యార్థులు జాతీయ గీతం ఆలపించకుండా గౌరవంగా నిలబడి ఉన్నందుకు పాఠశాల నుంచి బహిష్కరణకు గురయ్యారు. 1986లో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ బహిష్కరణ చెల్లదని ప్రకటించింది. నిజాయితీగా పాటించే విశ్వాసాన్ని, అది ఇతరులకు వింతగా తోచినా, రాజ్యాంగం కాపాడుతుందన్నది ఆ తీర్పు స్ఫూర్తి.

ఓటింగ్‌ను తప్పనిసరి చేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడల్లా ఈ అంశం ముందుకు వస్తుంది. 1924 నుంచి ఓటింగ్ తప్పనిసరి అయిన ఆస్ట్రేలియాలో కూడా, ఓటు వేయకపోవడం తన మతధర్మమని భావించే వ్యక్తికి ఆ కారణం చెల్లుతుందని ఎన్నికల చట్టమే చెబుతోంది. మన దేశంలో స్థానిక సంస్థల ఎన్నికల్లో ఓటింగ్‌ను తప్పనిసరి చేస్తూ గుజరాత్ చట్టం చేసింది. 2015లో ఆ రాష్ట్ర హైకోర్టు దాని అమలును నిలిపివేసింది.

అభ్యర్థులెవరూ నచ్చనివారికి ‘నోటా’ ఉంది. అంతకుముందు ఓటు వేయదలచుకోలేదని పోలింగ్ అధికారికి చెప్పి రిజిస్టరులో నమోదు చేయించుకోవలసి వచ్చేది. అలా చేస్తే ఓటరు నిర్ణయం అక్కడున్న అందరికీ తెలిసిపోయేది. 2013 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఆ తిరస్కారానికి కూడా గోప్యత లభించింది. 2024లో ఇందౌర్ లోక్‌సభ స్థానంలో 2 లక్షల 18 వేలకు పైగా ఓట్లు నోటాకు పడ్డాయి. లోక్‌సభ ఎన్నికల్లో నోటాకు ఎన్ని ఓట్లు వచ్చినా, అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు. అయినా సోమరితనంతో ఇంట్లో ఉండిపోయిన ఓటరుకూ, ఆలోచించి తిరస్కరించిన ఓటరుకూ మధ్య తేడా ఇప్పుడు అంకెల్లో కనిపిస్తుంది.

ప్రతినిధులకు లేని స్వేచ్ఛ

తెలుగువారికి ‘అంతరాత్మ ప్రబోధం’ అన్న మాట 1969 నాటి రాష్ట్రపతి ఎన్నికతో బాగా పరిచయమైంది. కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి కాగా, వి.వి. గిరి స్వతంత్ర అభ్యర్థిగా నిలిచారు. పార్టీ నిర్ణయాన్ని పక్కనపెట్టి అంతరాత్మ ప్రకారం ఓటు వేయమన్న పిలుపుతో ఫలితం తారుమారైంది. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 విలువ గల ఓట్లు వచ్చాయి. అంతరాత్మ అన్న మాటకు రాజకీయ ప్రయోజనం కూడా ఉంటుందని ఆ ఎన్నిక తెలియజెప్పింది.

1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజపేయి ప్రభుత్వ విశ్వాస తీర్మానానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270 ఓట్లు పడ్డాయి. ఒరిస్సా ముఖ్యమంత్రిగా బాధ్యతలు చేపట్టి కూడా ఎంపీగా కొనసాగుతున్న గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా అన్న ప్రశ్న తలెత్తింది. అప్పటి స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి ఆ నిర్ణయాన్ని గమాంగ్ విచక్షణకే వదిలేశారు. ఆయన ఓటు వేశారు. నేషనల్ కాన్ఫరెన్స్ సభ్యుడు సైఫుద్దీన్ సోజ్ తన పార్టీ నిర్ణయానికి విరుద్ధంగా ఓటు వేసి బహిష్కరణకు గురయ్యారు. దేశం మళ్లీ ఎన్నికలకు వెళ్లింది.

1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం విప్‌ను ధిక్కరించిన సభ్యుడు పదవి కోల్పోయే ప్రమాదం ఉంది. సాధారణ ఓటరుకు అలాంటి విప్ లేదు. పార్లమెంటు సభ్యుడికి సభలో లేని స్వేచ్ఛ పోలింగ్ కేంద్రంలో సామాన్య పౌరుడికి ఉంది. ఈ స్వేచ్ఛను ఎవరో ఒక పెద్ద చేతిలో పెట్టడమంటే ఓటరు తనకు తానే విప్ జారీ చేయించుకోవడమే.

గంపగుత్త ఓట్లు, దేవుడి మీద ప్రమాణాలు

మన రాష్ట్రాల్లో ఈ ప్రమాదం తరచూ మతోపన్యాసం రూపంలో రాదు. పోలింగ్‌కు ముందు రోజుల్లో డబ్బు పంచి, పసుపు బియ్యం మీదో, దేవుడి పటం మీదో ప్రమాణం చేయించుకునే తీరు గ్రామాల్లో అందరికీ తెలిసిందే. డబ్బు తీసుకున్నాక మాట తప్పితే దేవుడు ఊరుకోడన్న భయం నిజాయితీపరుణ్నే ఎక్కువగా బంధిస్తుంది. ఇక్కడ అంతరాత్మే ఆయుధమవుతోంది. విశ్వాసం బలంగా ఉన్న ఓటరే తేలికగా చిక్కుతాడు.

ఓటు కోసం డబ్బు ఇవ్వడంతో పాటు తీసుకోవడం కూడా భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ ప్రకారం నేరం. చట్టవిరుద్ధమైన పనికోసం కుదిరిన ఒప్పందానికి న్యాయస్థానంలో విలువ ఉండదు. దైవాగ్రహం పేరు చెప్పి భయపెట్టడం మరో నేరం. అలాంటి ప్రమాణం చేయించినవాడే దైవాన్ని నేరంలో సాక్షిగా నిలబెడుతున్నాడు. ఈ మాటను చట్టం కంటే గ్రామంలోని అర్చకుడు, పాస్టరు, ఇమాము చెబితే ఓటరుకు ధైర్యం వస్తుంది. ఎవరికి ఓటు వేయాలో చెప్పకుండానే మతపెద్దలు ప్రజాస్వామ్యానికి చేయగల సేవ ఇది.

గంపగుత్త ఓట్లదీ ఇదే కథ. ఒక మఠమో, డేరానో, సంఘమో తన అనుయాయుల ఓట్లన్నీ ఫలానా పార్టీకేనని ప్రకటిస్తే అభ్యర్థి ఆ వాడలోకి రానవసరం లేదు. పెద్దమనిషి ఒక్కరితో మాట్లాడుకుంటే సరిపోతుంది. ప్రయోజనం కూడా ఆ పెద్దమనిషి దగ్గరే ఆగిపోయే అవకాశం ఉంది. ముందు ప్రస్తావించిన పోలింగ్ కేంద్రాల వారీ పట్టిక ఇక్కడ మరో ముఖం చూపుతుంది. వ్యక్తి ఓటు రహస్యమే అయినా వాడ ఓటు రహస్యం కాదు. మాట వినని వాడ ఏదో మర్నాడే తెలిసిపోతుంది. అనేక కేంద్రాల ఓట్లను కలిపి లెక్కించే టోటలైజర్ యంత్రాన్ని ఎన్నికల సంఘం ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ కూడా దానిని సిఫార్సు చేసింది. అది ఇంకా అమలుకు నోచుకోలేదు. చిన్న తండాల్లో, చిన్న వాడల్లో ఉండేవారి అంతరాత్మ స్వేచ్ఛకు ఈ సాంకేతిక మార్పు ఎన్నో ఉపన్యాసాల కంటే ఎక్కువ మేలు చేయగలదు.

ఒకరి నిర్ణయంగా ఓటు

మొదటి ప్రశ్నకు ఇప్పుడు తిరిగి రావచ్చు. ఒక్క ఓటుకు విలువ ఉందా? ఫలితాన్ని మార్చే శక్తిగా చూస్తే ఆ విలువ అరుదుగా బయటపడుతుంది. అది ఎప్పుడు బయటపడుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. కానీ 64 కోట్ల మంది విడివిడిగా ఆలోచించి తీసుకున్న నిర్ణయాల మొత్తంగా ఎన్నికను చూస్తే ప్రతి ఓటుకూ విలువ ఉంది. పదివేల మంది తరఫున ఒక్కరు ఆలోచించిన చోట యంత్రం పదివేల ఓట్లు చూపినా అక్కడ నిర్ణయం ఒక్కటే. ఓటు వేయనివారు తమ ఓటును కోల్పోతారు. ఇతరుల ఆజ్ఞపై వేసినవారు దానిని మరొకరికి అప్పగిస్తారు. రెండు సందర్భాల్లోనూ లెక్కలో లేకుండా పోయేది ఆ ఓటరే.

మతవిశ్వాసం ఓటరుకు మార్గం చూపవచ్చు. అబద్ధాన్ని అసహ్యించుకోవాలని, పొరుగువారి ఆకలి తనదిగా భావించాలని, అక్రమార్జనను తిరస్కరించాలని నేర్పే విశ్వాసం పోలింగ్ కేంద్రంలోకి ఓటరు వెంట వెళ్లడం సహజం. ఆ విశ్వాసాన్ని అన్వయించుకునే పని ఓటరుదే కావాలి. తాను ఓటు వేయబోయే అభ్యర్థి మరో మతంవాడై ఉండి, ఇవే గుణాలు, ఇవే వాగ్దానాలు, ఇదే నేరచరిత్ర కలిగి ఉంటే తన నిర్ణయం మారేదా అని ఓటరు తనను తాను ప్రశ్నించుకోవచ్చు. మారదనుకుంటే అది అంతరాత్మ తీర్పు. మారుతుందనుకుంటే, అభ్యర్థి పనితీరుకు బదులు అతని పుట్టుకకు ఓటు వేస్తున్నట్లు అర్థం.

రాజకీయ పక్షాలకూ, ఎన్నికల యంత్రాంగానికీ ఇందులో బాధ్యత ఉంది. మతం పేరుతో ఓటు అడిగినవారిపై ఎన్నికలు ముగియకముందే చర్య తీసుకోగల వ్యవస్థ, ఎన్నికల పిటిషన్ల సత్వర పరిష్కారం, వాడల ఓటుకూ గోప్యత కల్పించే లెక్కింపు విధానం ఆ దిశలో అవసరమైన చర్యలు. అవి వచ్చేదాకా ఓటరుకు చట్టం ఇచ్చిన రక్షణ రహస్య బ్యాలెట్. యంత్రం చుట్టూ నిలబెట్టిన ఆ అట్ట తెర వెనుక ఏ గురువూ, ఏ నాయకుడూ, ఏ ప్రమాణమూ ఓటరును చూడలేవు. ఏ బటన్ నొక్కాలో తేల్చుకునే బాధ్యత అక్కడ పూర్తిగా ఓటరుదే.